పడిపోయిన మైలేజీ, అనుమానంలో డ్రైవరు: ఒక పాత డీజిల్ పికప్ కేసు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ బండ్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. మైలేజీ తగ్గిందని వచ్చే బండ్లు నెలకు నాలుగైదు ఉంటాయి. వాటిలో చాలావరకు ఎయిర్ ఫిల్టరుతోనో, టైర్లలో గాలితోనో తేలిపోతాయి కనుక రాయవలసినంత విషయం ఉండదు. 2025 జనవరిలో వచ్చిన ఈ పికప్‌ను మాత్రం నోటుపుస్తకంలో పది పేజీలు నింపి మరీ దాచుకున్నాను. ఇందులో ఒక మనిషి ఉద్యోగం కూడా ముడిపడి ఉండటం ఒక కారణమైతే, నేనే ఒక తప్పు దారి పట్టి రెండు రోజులు పోగొట్టుకోవడం ఇంకో కారణం. బండి కంపెనీ, ఓనరు ఊరు, వ్యాపారం వివరాలు వదిలేశాను. కొలతలు, జరిగిన పనుల వరస మాత్రం పుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు 2017 ఏప్రిల్‌లో దేశమంతటా తప్పనిసరి కావడానికి ముందు తయారైన బీఎస్-3 బండి అది. కామన్ రైల్ (సిలిండర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే) డీజిల్ ఇంజన్, టర్బో, వెనక కమాన్ కట్టలు, వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు. మీటరు 2,31,000 కిలోమీటర్లు చూపిస్తోంది. వారానికి ఐదారు రోజులు విజయవాడ నుంచి గుంటూరుకు సరుకు వేసుకెళ్లి, సీజన్‌లో తిరుగు ప్రయాణంలో మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చే బండి. సరుకు తడవకుండా బాడీ మీద ఇనప గొట్టాలతో ఎత్తుగా చట్రం కట్టించి పట్టా కప్పారు.

ఓనరు చెప్పిన లెక్క ప్రకారం ఈ బండి ఏడాది కిందటి వరకు లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 9.6 దాటడం లేదు. పాత డ్రైవరు మానేసి కొత్త డ్రైవరు 2024 అక్టోబరులో చేరాడు. డీజిల్ బిల్లులు పెరిగింది కూడా సరిగ్గా ఆ తర్వాతే. బండి షెడ్డులో పెట్టి, డ్రైవరు టీ తాగడానికి వెళ్లే వరకు ఆగి, ఓనరు గొంతు తగ్గించి, ‘మేస్త్రి గారూ, ఇంజన్ సంగతి తర్వాత, ముందు వీడు డీజిల్ తీస్తున్నాడో లేదో తేల్చండి’ అన్నారు.

నేను ఆ మాటకు అవుననీ కాదనీ అనలేదు. బండిని కొలవకుండా మనిషిని తూచడం నా పని కాదని మాత్రం చెప్పాను. అయితే ఆ అనుమానం వల్ల నా పని వరస కొంత మారింది. మామూలుగా అయితే మొదట బానెట్ ఎత్తేవాణ్ణి. ఇక్కడ ముందు మైలేజీ అంకెనే పరీక్షించాలని నిర్ణయించుకున్నాను.

అప్పటికే జరిగిన పనులు

నా దగ్గరికి రాకముందు బండిని ఇంకో షెడ్డులో చూపించారు. అక్కడ ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఇంజన్ ఆయిలు మార్చారు. ఫలితం కనపడకపోవడంతో ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, రెండింటిని కొత్తవి వేశారు. దానికే 20,000 రూపాయల పైన అయింది. మైలేజీ కదలలేదు.

నేను నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ (మిగిలిన డీజిల్ వెనక్కి పోయే) గొట్టాలకు నాలుగు కొలత సీసాలు తగిలించి ఇంజన్ నడిపి చూశాను. కొత్త రెండూ పాత రెండూ దాదాపు సమానంగానే వెనక్కి వదిలాయి. ఉదయం చలిలో ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యే ఇంజన్, ఐడిల్‌లో వణుకు లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ లేదు. ఇంజెక్టరు చెడితే ఈ మూడింటిలో ఒక్కటైనా కనిపించాలి. కాబట్టి ఆ ఖర్చు అనవసరమైనదే కావచ్చు. కానీ వాటిని విప్పే ముందు ఏం చూశారో నాకు తెలియదు కనుక ఆ మాట ఓనరుతో అనలేదు.

ముందు కొలబద్ద

మైలేజీ అనేది రెండు కొలతల భాగహారం. కిలోమీటర్లు మీటరు చెబుతుంది, లీటర్లు బంకు చెబుతుంది. రెండింటిలో ఏది తప్పు చెప్పినా ఇంజన్‌కు నింద వస్తుంది.

బంకు సంగతి తేలిగ్గా తేలింది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలత పాత్ర ఉంటుంది, అడిగితే అందులో కొట్టి చూపించాలి. ఓనరు ఎప్పుడూ కొట్టించే బంకులోనే అడిగి చూశాం, సరిగ్గా ఉంది. తెల్లవారుజామున కొట్టిస్తే డీజిల్ ఎక్కువ వస్తుందన్న నమ్మకం ఈయనకూ ఉంది. భూమిలో పాతిన ట్యాంకులో డీజిల్ వేడి పగటికీ రాత్రికీ పెద్దగా మారదు. ఒకవేళ పది డిగ్రీలు మారినా ఘనపరిమాణంలో తేడా ఒక శాతం లోపే. మనం వెతుకుతున్నది పాతిక శాతం పైన.

మీటరు విషయంలో ఆధారం డ్రైవరు నోటినుంచే వచ్చింది. అతను ట్రిప్పుల పుస్తకం రాస్తాడు. దాన్ని తిరగేస్తుంటే, ‘నేను చేరిన కొత్తలో గోడౌన్ నుంచి గోడౌన్‌కి 41 తిరిగేదండీ. ఇప్పుడు 39 కూడా చూపించట్లేదు. రోడ్డయితే అదే’ అన్నాడు. దూరం తగ్గించి రాసుకునే డ్రైవరును నేను చూడలేదు. తీసేవాడు పెంచి రాస్తాడు, ఎక్కువ తిరిగినట్టు కనిపిస్తేనే తీసిన డీజిల్ లెక్కలో కలిసిపోతుంది.

కిందకు వంగి టైర్లు చూశాను. నవంబరులో నాలుగూ కొత్తవి వేయించారు. బండి పుస్తకంలో ఉన్న కొలత 215/75 ఆర్15, వేసినవి 235/75 ఆర్15. దుకాణంలో అవే సిద్ధంగా ఉన్నాయని వేయించుకున్నారట. లెక్క వేస్తే, 215 మి.మీ. వెడల్పులో 75 శాతం అంటే 161 మి.మీ. పక్కగోడ, అటూ ఇటూ కలిపి 322, మధ్యలో 15 అంగుళాల రిమ్ము 381 మి.మీ., మొత్తం వ్యాసం సుమారు 703. అదే లెక్కన కొత్త టైరు వ్యాసం 733. చక్రం ఒక్కసారి తిరిగితే బండి ముందుకన్నా 4.3 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత టైరు లెక్కే కడుతుంది. అంటే ఇప్పటి 9.6 నిజానికి 10.

ఇక్కడితో ఆగితే సగం లెక్కే అవుతుంది. ఓనరు గర్వంగా చెప్పిన పాత 13 కూడా కొలవవలసిందే కదా. ఆ అంకె టైర్లు బాగా అరిగిన కాలంలోది. గాడి ఆరు మి.మీ. అరిగితే వ్యాసం పన్నెండు మి.మీ. తగ్గుతుంది, మీటరు దాదాపు 1.7 శాతం ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ఆనాటి నిజమైన మైలేజీ 12.8 దగ్గర ఉండి ఉండాలి. అరిగిన పాత టైరుకూ, కొత్త పెద్ద టైరుకూ ఉన్న తేడా కలిపితే ఆరు శాతం. 41 కిలోమీటర్లను ఆరు శాతం తగ్గిస్తే 38.6 వస్తుంది. డ్రైవరు చెప్పిన ‘39 కూడా చూపించట్లేదు’ అక్షరాలా నిజం.

ఓనరు చెప్పిన 3.4 కిలోమీటర్ల నష్టంలో 0.6 అసలు జరగనే లేదని తేలింది. వెతకవలసింది మిగిలిన 2.8 కోసం.

తర్వాత పరీక్ష పద్ధతి నిర్ణయించుకున్నాను. కాటా వేయించిన ఒకే బరువు, తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి కృష్ణా నది మీది వారధి దాటి మంగళగిరి, కాజ, పెదకాకాని మీదుగా గుంటూరు వరకు వెళ్లి రావడం, దూరం మీటరుతో కాకుండా ఫోన్‌లో జీపీఎస్‌తో కొలవడం. అది రానూపోనూ 78 కిలోమీటర్లు తేలింది. బండి మీటరు అదే దూరానికి 75 లోపే చూపించింది. ట్యాంకు ఫుల్ చేసేటప్పుడు అర లీటరు అటూ ఇటూ కావడం సహజం. ఒక్క ట్రిప్పుకు ఎనిమిది లీటర్లు పడితే అందులో అర లీటరు అంటే ఆరు శాతం తప్పు. అందుకని ప్రతి పరీక్షకూ మూడు ట్రిప్పులు తిప్పి, 234 కిలోమీటర్ల మీద లెక్క కట్టాను. అదే బంకు, అదే నాజిల్, బండి అదే చోట అదే దిశలో నిలబెట్టి, మొదటిసారి నాజిల్ దానంతటది ఆగగానే ఆపేయడం.

మొదటి పరీక్షకు ఓనరునే పక్క సీట్లో కూర్చోబెట్టాను. మూడు రోజులు పొద్దున్నే లేవడం ఆయనకు ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారు. 23.4 లీటర్లు పట్టింది. సరిగ్గా లీటరుకు 10. ఆయన కళ్లెదుటే, ఎవరూ చెయ్యి పెట్టకుండా, బండే తాగేసిన డీజిల్ అది. డ్రైవరు ప్రస్తావన ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

నేను పట్టిన తప్పు దారి

ఇంత జాగ్రత్తగా కొలిచిన తర్వాత కూడా నేను చేసిన మొదటి పని ఊహ మీదే నడిచింది. రెండు లక్షలు దాటిన కామన్ రైల్ ఇంజన్లలో ఈజీఆర్ వాల్వ్‌లోనూ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనూ (సిలిండర్లకు గాలి పంచేది) మసి గడ్డకట్టి గాలి దారి ఇరుకైపోవడం తరచూ చూస్తుంటాను. అంతకుముందు రెండు బండ్లకు అది శుభ్రం చేయగానే మైలేజీ లేచింది. ఆ జ్ఞాపకంతో ఇక్కడా విప్పాను. మసి దండిగానే ఉంది. శుభ్రం చేసి బిగించాక మూడు ట్రిప్పులకు 23.2 లీటర్లు పట్టింది. 0.2 లీటర్ల తేడా నా కొలతలో ఉండే తప్పుకన్నా చిన్నది, కాబట్టి దాన్ని లాభంగా రాసుకోలేను. గాలి చాలకపోతే ఎత్తులో నల్ల పొగ రావాలి. ఈ బండికి పొగ లేదని నేనే ముందు రోజు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నది చదవకుండా చెయ్యి కదిలించాను. ఆ పనికి కూలి తీసుకోలేదు.

ఇంజన్ వైపా, చక్రాల వైపా

ఈసారి ఏదైనా విప్పే ముందు, నష్టం ఇంజన్‌లో ఉందా లేక ఇంజన్ ఇచ్చిన బలాన్ని చక్రాలు మింగేస్తున్నాయా అన్నది విడదీయాలనుకున్నాను. దానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద గాలి లేని వేళ బండిని 50 దాటించి న్యూట్రల్‌లో వదిలి, 50 నుంచి 20కి దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. ఇంజన్ మాత్రం ఆపకూడదు, ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ సాయం పోతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ ఎంత చెడ్డదైనా బండి వేగాన్ని మార్చలేదు. త్వరగా ఆగిందంటే పట్టేస్తున్నది ఇంజన్ వెనకాల ఉన్నదే.

అటూ ఇటూ రెండేసిసార్లు చేస్తే సగటున 29 సెకన్లు వచ్చింది. అదే బరువుతో, అదే రకం ఇంకో కస్టమరు బండి 38 సెకన్లు తీసుకుంది. మీటరు తప్పు ఇక్కడా ఉంటుంది కాబట్టి వేగాలు రెండు బండ్లకూ ఫోన్‌లోనే చూశాం.

పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి వచ్చి, వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు హబ్బుల వేడి చూశాను. వెనక ఎడమ డ్రమ్ 118 డిగ్రీలు, వెనక కుడిది 64. మాడిన వాసన లేదు, డ్రైవరుకు లాగినట్టూ అనిపించలేదు. కొద్దికొద్దిగా పట్టే బ్రేకు అలాగే మోసం చేస్తుంది. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే కుడి చక్రం ఒకటిన్నర చుట్టు తిరిగింది, ఎడమది వదలగానే ఆగింది. డ్రమ్ ఊడదీస్తే వీల్ సిలిండర్ (బ్రేకు లైనర్లను డ్రమ్ మీదకు నొక్కేది) పిస్టన్ తుప్పుతో సగం బిగుసుకుని ఉంది, హ్యాండ్ బ్రేక్ కేబుల్ గొట్టం లోపల తుప్పు పట్టి వదిలినా పూర్తిగా వెనక్కి రావడం లేదు.

అంత తుప్పు ఎక్కడిదని అడిగితే అప్పుడు బయటపడింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు ఈ బండి కూడా మూడు రోజులు చక్రాల మధ్య వరకు నీళ్లలో నిలబడింది. ఇంజన్‌లోకి నీళ్లు పోలేదు కదా అని కడిగించి తిప్పుకున్నారు. వెంటనే వెనక యాక్సిల్ ఆయిలు కూడా దింపి చూశాను. పాలు కలిపిన టీలా ఉంది, అంటే నీళ్లు కలిశాయి. ఆ వరద తర్వాత ఆటోనగర్‌కు వచ్చిన బండ్లలో ఇంజన్లు విప్పి చూసినవాళ్లం చాలామందిమి బ్రేకులనూ యాక్సిళ్లనూ మర్చిపోయాం. అందులో నేనూ ఉన్నాను.

వెనక రెండు వీల్ సిలిండర్లు, కేబుల్ మార్చి, లైనర్లు సర్ది పరీక్షిస్తే న్యూట్రల్ పరీక్ష 36 సెకన్లకు పెరిగింది. మూడు ట్రిప్పులకు 21.5 లీటర్లు, అంటే లీటరుకు 10.9. యాక్సిల్ ఆయిలును ఆ పూట కావాలనే మార్చలేదు, బ్రేకు లాభంలో దాని లాభం కలిసిపోకూడదని. ఒక్క వారం పాత ఆయిలుతో తిరిగితే గేర్లకు కొత్తగా జరిగే నష్టం తక్కువేనని లెక్కవేసుకున్నాను. ఓనరుకు చెప్పే చేశాను.

చల్లని ఇంజన్

చక్రాల వైపు దాదాపు సరిపోయింది కాబట్టి మిగిలిన నష్టం ఇక ఇంజన్ వైపే ఉండాలి. స్కానరులో (బండి కంప్యూటరును చదివే పరికరం) లోపం చెప్పే కోడ్ ఒక్కటీ లేదని మొదటి రోజే చూశాను, అక్కడితో మూసేశాను. ఈసారి బండి నడుస్తుండగా అంకెలు చూశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అరగంట పోయినా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి 61కీ 66కీ మధ్యే ఆడుతోంది. 82 దాటవలసిన ఇంజన్ అది. డాష్‌బోర్డులో ముల్లు పావు వంతు కింద ఉండటం ఓనరుకు తెలుసు. ‘ఈ బండి ఎంత లోడేసినా వేడెక్కదండీ’ అని మొదటి రోజు మెచ్చుకోలుగా చెప్పారు కూడా. ఆ మాట దగ్గరే నేను ఆగి ఉండవలసింది.

థర్మోస్టాట్ హౌసింగ్ విప్పితే లోపల, ఇంజన్ వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్ లేదు. 2024 మే నెలలో బండి దారిలో ఆవిరి చిమ్మితే, రోడ్డు పక్క మెకానిక్ వాల్వ్ పీకేసి, ఫ్యాన్ క్లచ్‌కు (వేడెక్కితేనే ఫ్యాన్‌ను ఇంజన్‌కు కలిపేది) బోల్టు దింపి ఫ్యాన్ ఎప్పుడూ ఇంజన్‌తో పాటే తిరిగేలా బిగించాడు. మా ఎండల్లో ఈ వైద్యం చాలా పాతది. ఆ పూట ఇల్లు చేరడానికి పనికొస్తుంది. ఇల్లు చేరాక ఎవరూ దాన్ని తిరిగి సరిచేయించరు. వేడెక్కని ఇంజన్‌లో ఆయిలు చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది, సిలిండర్ గోడలు మంట వేడిని ఎక్కువ లాగేస్తాయి, కంప్యూటరు ఇంకా చలిలోనే ఉన్నామనుకుని ఆ లెక్కలతోనే డీజిల్ పంపుతుంది. బిగించిన ఫ్యాన్ సంగతి ఇంకా కష్టం. ఫ్యాన్ వేగం రెట్టింపయితే అది తినే బలం ఎనిమిది రెట్లవుతుంది. గాలి దానంతటది తగిలే హైవే మీద, అంటే ఫ్యాన్ అవసరమే లేని చోట, అది అన్నిటికన్నా ఎక్కువ తింటుంది.

వాల్వ్ తెచ్చి పెట్టేయడం పది నిమిషాల పని. కానీ మేలో ఆవిరి ఎందుకు వచ్చిందో తెలియకుండా పెడితే మళ్లీ మేలో అదే ఆవిరి. రేడియేటర్ దించితే సమాధానం కనపడింది. బయట రెక్కల మధ్య మట్టి, ఊక; లోపల గొట్టాల్లో ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల సున్నం. పై, కింది ట్యాంకులు రెండూ విప్పించి గొట్టాలు పొడిపించి, కొత్త ఫ్యాన్ క్లచ్, థర్మోస్టాట్ వేసి, బోరు నీళ్లకు బదులు కూలెంట్ నింపాను. వీటిలో దేనివల్ల ఎంత లాభమో విడివిడిగా చెప్పలేను. మూసుకున్న రేడియేటర్ మీద వాల్వ్ ఒక్కటే పెట్టి పరీక్షించడం ఇంజన్ హెడ్డుతో జూదమాడటమే అవుతుంది కనుక మూడూ ఒకేసారి చేశాను.

కూలెంట్ 84కూ 88కీ మధ్య నిలిచింది. మూడు ట్రిప్పులకు 19.4 లీటర్లు, లీటరుకు 12.1. తర్వాత యాక్సిల్ ఆయిలు, టైర్ల గాలి, అలైన్‌మెంట్ కలిపి సరిచేస్తే 19.1 వచ్చింది. 12.25 అని రాసుకున్నాను కానీ ఆ చివరి 0.15ను నమ్మను, అది కొలత తప్పులో దాక్కునేంత చిన్నది.

ఈ కేసు తర్వాత మారినవి

పుస్తకంలో వరస పెట్టి చూస్తే మేలో వాల్వ్ పోయింది, సెప్టెంబరులో బ్రేకు తుప్పు పట్టింది, నవంబరులో టైర్లు మారాయి. మధ్యలో అక్టోబరులో డ్రైవరు మారాడు. నాలుగింటిలో ఓనరు కంటికి మార్పుగా కనిపించింది మనిషి ఒక్కడే. మిగతా మూడూ ఆయన దృష్టిలో అయిపోయిన రిపేర్లు. అందుకే ఇప్పుడు మైలేజీ బండి వస్తే ‘ఏం చెడింది’ అని అడగడం మానేసి, ‘ఏడాదిన్నరలో ఏమేం బాగుచేయించారు, ఏం మార్చారు’ అని అడిగి తేదీలతో రాసుకుంటున్నాను. టైరు పక్కగోడ మీద అంకెలు, బండి పుస్తకంలోని అంకెలు పక్కపక్కన రాయడం షెడ్డు కుర్రాళ్ల మొదటి పని అయింది. స్కానరులో కోడ్ లేదంటే సరిపోదు, నడుస్తున్నప్పటి కూలెంట్ వేడి రాయాలి. న్యూట్రల్ పరీక్ష విప్పడానికి ముందు జరగాలి, తర్వాత కాదు.

ఇంకా 12.8 కి చేరని సుమారు అర కిలోమీటరు మిగిలింది. పట్టా చట్రం ఎత్తు తగ్గిస్తే హైవే మీద కొంత వస్తుందని నా అంచనా. ఓనరుకు ఆ ఎత్తులో పట్టే సరుకు ముఖ్యం, వద్దన్నారు. ఆయన లెక్కలో అది సరైనదే. నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగే బండికి 400 లీటర్ల బదులు 327 లీటర్లు చాలడం ఆయనకు సరిపోయింది. పెద్ద టైర్లు అరిగే వరకు అవే ఉంటాయి కనుక, మీటరు చూపిన దూరాన్ని 1.04తో హెచ్చించాలని ఒక కాగితం రాసి డాష్‌బోర్డు మీద అంటించాను. డ్రైవరు ట్రిప్పుల పుస్తకంలో ఇప్పుడు రెండు గడులు గీసుకుని రెండు దూరాలూ రాస్తున్నాడు.

మే రెండో వారంలో మధ్యాహ్నం అతనే మంగళగిరి దగ్గర నుంచి ఫోన్ చేశాడు. ‘మేస్త్రి గారూ, ముల్లు సగం దాకా వచ్చి నిలబడిందండీ. వాల్వ్ తీయించేయమంటారా?’ బండి పక్కకు ఆపకుండా నిదానంగా షెడ్డుకు రమ్మన్నాను. స్కానరు పెడితే 89 ఉంది, ఫ్యాన్ తనంతట తాను పట్టి వదులుతోంది. సగం దగ్గర ఉండవలసిన ముల్లేనని, ఆ గీత దాటి పైకి పోతేనే ఆపమని చెప్పి, గాజు మీద ఆ చోట మార్కరుతో చుక్క పెట్టి పంపాను.